రెండు నెలలకా, రెండేళ్లకా? విజయనగరంలో చేయించిన ట్రంకు పెట్టె

విజయనగరంలో గంటస్తంభం దగ్గర దిగి మార్కెట్టు వైపు నడిస్తే ఇనప సామాన్ల దుకాణాల మధ్య బోర్డు లేని షాపు ఒకటి ఉంది. బయట ట్రంకు పెట్టెలు ఒకదాని మీద ఒకటి మనిషెత్తు పేర్చి ఉంటాయి. లోపల సుత్తి చప్పుడు ఆగదు. ఎవరినడిగినా పెట్టెల తాత షాపని చూపిస్తారు. పోయిన నెల అక్కడ ఒక నల్ల ట్రంకు చేయించుకున్నాను. మన జిల్లా నుంచీ, శ్రీకాకుళం నుంచీ ఏటా ఎంతోమంది కుర్రాళ్లు ఇలాంటి పెట్టె పట్టుకునే రైలెక్కుతారు. వాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే పెట్టె గురించి ఇంత పట్టింపు ఎందుకో అర్థం కాదు. నాకు చీపురుపల్లిలో మోటార్లు చుట్టే షాపు ఉంది. దాంతోపాటు తొమ్మిదేళ్లుగా టెరిటోరియల్ ఆర్మీలో జవానుని. మా ఊళ్లో టీఏ అంటే ప్రయాణ భత్యం అనుకుంటారు. ధోనీకి హానరరీ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చారు కదా, ఆ సైన్యమే అని చెబితే వెంటనే తెలుస్తుంది. 1949 అక్టోబరు 9న అప్పటి గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి దీన్ని ప్రారంభించారు. మా పద్ధతి ఏమిటంటే, ఎవరి పని వాళ్లు చేసుకుంటూ ఏడాదికి రెండు నెలలు యూనిట్‌కి వెళ్లి ట్రైనింగ్ చేస్తాం. ఆ రోజులకు జీతం రెగ్యులర్ జవానుతో సమానంగా ఇస్తారు. మిగతా పది నెలలూ నేను రాగి తీగ చుట్టేవాణ్ణి.

ఇప్పుడు ఎంబాడీమెంట్ ఆర్డర్ వచ్చింది. అంటే పూర్తికాలం యూనిఫాంలోనే ఉండాలి, మళ్లీ డిస్‌ఎంబాడీ చేసేదాకా ఇంటి పని లేదు. 2025 మే 6న రక్షణ శాఖ ఒక ఆర్డర్ ఇచ్చింది గుర్తుందా? టెరిటోరియల్ ఆర్మీలో ఎవరినైనా పిలిచే అధికారం ఆర్మీ చీఫ్‌కి ఇస్తూ, 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14 బెటాలియన్లను రంగంలోకి దించడానికి అనుమతించింది. అది 2028 ఫిబ్రవరి 9 వరకు అమల్లో ఉంటుంది. పేపర్లో ఆ వార్త చదివిన రోజే మా ఆవిడ క్యాలెండర్ వైపు చూసింది. నా యూనిట్ ఏది, ఎక్కడికి వెళ్తున్నాను అన్నవి ఇక్కడ రాయను.

రెండు నెలల ట్రైనింగ్‌కి ఎప్పుడూ సరైన పెట్టె లేకుండానే గడిపేశాను. మొదట్లో ఎయిర్ బ్యాగ్. తర్వాత వేరే ఊళ్లో ఒక షాపులో రెడీమేడ్ ట్రంకు కొన్నాను. చూడ్డానికి ముచ్చటగా నెమలి బొమ్మతో ఉండేది. మూడో ప్రయాణంలో విజయవాడ స్టేషన్లో ఎత్తి దించేసరికి గొళ్ళెం రివిట్లతో సహా ఊడి చేతికొచ్చింది. అర్ధరాత్రి ప్లాట్‌ఫారం మీద నా యూనిఫాం, సబ్బు పెట్టె, మా పాప ఫొటో అన్నీ బయటపడ్డాయి. తువ్వాలు చింపి పెట్టెకు కట్టి బయల్దేరాను. షాపువాడికి చెబితే రైల్లో ఎవరో తొక్కి ఉంటారన్నాడు. రేకు ఎంత పలచనిదో గీకి చూసే తెలివి కొన్న రోజున ఉండాల్సింది. ఆ పెట్టెకి ఇంకో లోపం కూడా ఉంది. ఎత్తు 14 అంగుళాలు కావడంతో బ్యారక్‌లో మంచం కిందికి దూరేది కాదు. నడిచే దారిలో ఉండిపోయేది. లైన్ ఇన్‌స్పెక్షన్, అంటే బ్యారక్ తనిఖీ జరిగే ప్రతి ఉదయం దాని కోసం మాట పడేవాణ్ణి. రెండు నెలలే కదా అని ఓర్చుకున్నాను.

ఈసారి ఓర్చుకునే లెక్క కాదు. అందుకే గరివిడి, నెల్లిమర్ల మీదుగా బస్సులో వెళ్లి తాత ముందు నిలబడ్డాను. "మిలిట్రీకి పెట్టె కావాలి తాతా" అన్నాను. ధర చెప్పలేదు, పెట్టెలూ చూపించలేదు. సుత్తి పక్కన పెట్టి నా వైపు చూశాడు.

"ఎన్నాళ్లకి బాబూ? రెండు నెల్లకా, రెండేళ్లకా?"

ఆర్డర్ వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లోవాళ్లు, స్నేహితులు ఎక్కడికి అని అడిగారు, జీతం ఎంత అని అడిగారు. ఇంత సూటిగా లెక్క అడిగింది ఈయనే. రెండేళ్లు అనుకోండి అన్నాను. ఆ మాట నా నోటితో పైకి అనడం అదే మొదటిసారి. తాత తల ఊపి, "ఐతే ఇయ్యి కాదు" అని పేర్చి ఉన్న రెడీ పెట్టెలన్నిటినీ చేత్తో పక్కకు తోసినట్టు చూపించి, కూర్చోమని స్టూలు వేశాడు. అమ్ముకోడానికి సరుకు ఎదురుగా పెట్టుకుని, ఇది నీకు పనికిరాదని చెప్పే షాపువాళ్లు ఎంతమంది ఉంటారు? నా నమ్మకం అక్కడే కుదిరింది.

తర్వాత కొలత. పోయిన ట్రైనింగ్‌లో మంచం కింద ఖాళీ ఎంతుందో చూసుకున్నాను. టేపు లేక జానతో కొలిచాను, జానెడు మీద నాలుగు వేళ్లు వచ్చింది. తాత నా చేతిని బల్ల మీద పరచమని టేపు పెట్టి చూశాడు. 12 అంగుళాల పైన కొంచెం ఉంది. ఐతే 12 చేసేయమన్నాను. "మంచం మీద మనిషి ఉన్నప్పుడు కొలిసావా?" అన్నాడు. లేదన్నాను. ఖాళీ మంచానికీ, మనిషి పడుకున్న మంచానికీ తేడా ఉంటుంది, నవారు కుంగుతుంది, మూత మీదికి దిగిందంటే రాత్రంతా కిర్రుమంటూ రంగు పోతుంది, లాగితే రాదు. అందుకని 11 అంగుళాలే చేద్దామన్నాడు. పొడవు 30, వెడల్పు 18. ఎత్తులో పోయిన అంగుళాన్ని పొడవులో కలపమని అడిగితే వద్దన్నాడు, రైల్లో సీటు కింద అడ్డం తిరగదట. తొమ్మిదేళ్లు బ్యారక్‌ల్లో పడుకున్న నాకు తట్టనిది ఎప్పుడూ యూనిఫాం వేయని మనిషికి తెలిసింది.

రేకు విషయంలో మాత్రం నన్ను ఎవరూ మోసం చేయలేరు. తీగ అయినా రేకు అయినా గేజి అంకె తగ్గేకొద్దీ మందం పెరుగుతుంది. ఆయన చూపించింది 22 గేజి. బజార్లో రెడీగా దొరికేవి చాలావరకు అంతకంటే పలచన. ఖాళీ పెట్టే పది కిలోల దాకా తూగింది, ఆ బరువు మోయడానికి నేను సిద్ధం. మూలలకు విడిగా ఇనప పట్టీలు కొట్టాడు. గొళ్ళేలు రెండు, కబ్జాలు మూడు. రివిట్ల వెనక లోపలి వైపు చిన్న చిన్న రేకు ముక్కలు వేసి బిగించాడు, లాగితే రివిటు ఒక్కటే ఊడి రాకుండా. విజయవాడ కథ చెప్పాను కదా, తాత అది విని చేసిన పని ఇది. చేతిపట్టీలు రెండు వైపులా ఉన్నాయి, పైకెత్తినప్పుడు వేళ్లు నలగకుండా సగంలో ఆగుతాయి. చక్రాలు పెట్టమంటే పెడతానన్నాడు గానీ, రాళ్ల దారిలో నెల తిరక్కుండా విరుగుతాయని ముందే చెప్పాడు. మానేశాను.

అన్నిటికంటే నాకు నచ్చింది మూత అంచు. సైకిల్ ట్యూబు సన్నగా కోసి మూత లోపలి అంచు చుట్టూ అతికించాడు. చెమ్మ, దుమ్ము లోపలికి పోవు. మోటారు టెర్మినల్ బాక్సు మూతకు మేమూ ఇలాగే రబ్బరు వేస్తాం, కాబట్టి ఆ పని విలువ నాకు తెలుసు. దీనికి విడిగా డబ్బు తీసుకోలేదు. మూతకు లోపలి వైపు కాగితాలు పెట్టుకోడానికి పలచటి రేకు అర కూడా చేశాడు. ఆర్డర్ కాపీ, బ్యాంకు పాస్‌బుక్, మెడికల్ కాగితాలు అందులో పెట్టుకున్నాను. మాకు ఈ కాగితాలు చాలా ముఖ్యం. ఎంబాడీ అయిన సర్వీసు 15 ఏళ్లు నిండితేనే జవానుకు పెన్షన్ వస్తుంది, ప్రతి రోజుకీ లెక్క ఉండాలి.

రంగు పనికి ఇంకో మనిషి ఉన్నాడు, తాత అల్లుడే. లోపలా బయటా ముందు రెడ్ ఆక్సైడ్, ఆపైన నలుపు. మూత మీద తెల్ల అక్షరాలతో నంబరు, ర్యాంకు, పేరు. ఆర్మీ నంబరు నోటితో చెప్పబోతే ఆపేశాడు. కాగితం ఇచ్చి నా చేత్తోనే రాయమన్నాడు. రాసిన కాగితాన్ని పెట్టె మీద అంటించి, చూస్తూ ఒక్కో అంకె వేశాడు. అయిపోయాక నేను పైకి చదవాలి, ఆయన కాగితం చూస్తూ వినాలి. ఒకసారి ఎవరి పెట్టె మీదో 1 కాస్తా 7 అయ్యిందట, అప్పట్నుంచీ ఈ పద్ధతి. ఒకేలాంటి నల్ల పెట్టెలు వందల్లో లారీ దిగినప్పుడు ఆ నంబరు చూసే మన పెట్టె మన దగ్గరికి వస్తుంది. అక్షరాలకు 200 రూపాయలు విడిగా తీసుకున్నారు, పెట్టెకు 3,200. అడ్వాన్సు సగం. రెడీమేడ్‌తో పోలిస్తే ఎక్కువే, నేను మాత్రం బేరం చేయలేదు.

లోపాలు కూడా చెప్పాలి. నాలుగు రోజుల్లో ఇస్తామన్నారు, ఆరు రోజులు పట్టింది. అందులో ఒక రోజు వాన, దానికి ఎవరూ ఏం చేయలేరు. ఇంకో రోజు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ సాయంత్రం నాకు చాలా టెన్షన్ పెట్టింది, ఎందుకంటే రిపోర్ట్ చేయాల్సిన తేదీ మన చేతుల్లో ఉండదు. సెలవు పొడిగించమని అడిగే పని కాదిది. రెండోది, రంగు పూర్తిగా ఆరకముందే పేపరు చుట్టి ఇచ్చారు. చీపురుపల్లి వచ్చి విప్పితే మూత మీద పేపరు అక్షరాలు తిరగబడి అంటుకుని ఉన్నాయి. మర్నాడు మళ్లీ బస్సెక్కి తీసుకెళ్లాను. తాత ఒక్క మాట వాదించలేదు. తప్పు మాదే అని గీకించి, మళ్లీ నలుపు వేయించి, ఎండలో పెట్టించి, సాయంత్రం దాకా నన్ను కదలనివ్వలేదు. మధ్యాహ్నం తన క్యారియర్లో అన్నం నాకూ పెట్టాడు, వంకాయ కూర. నా ఒక రోజు పని పోయింది, అది నిజమే. రైలు దగ్గర పెట్టుకుని చేయించుకునేవాళ్లు కనీసం పది రోజుల ముందు వెళ్లడం మంచిది.

హోల్డాల్, అంటే పక్కబట్టలు చుట్టుకునే సంచి కూడా అక్కడే కుట్టిస్తామన్నారు గానీ నా పాతది బాగానే ఉంది, తీసుకోలేదు.

పెట్టె ఇంటికొచ్చాక షాపు సర్దుకోవడం మొదలుపెట్టాను. ఉద్యోగం చేసేవాణ్ణి సర్వీసు అయ్యాక యజమాని మళ్లీ పనిలోకి తీసుకోవాలని టెరిటోరియల్ ఆర్మీ చట్టంలో ఉంది. సొంత షాపు ఉన్నవాడు తన ఏర్పాటు తనే చూసుకోవాలి. రైతుల మోటార్లు పదకొండు నా దగ్గర ఉండేవి. తొమ్మిది చుట్టి ఇచ్చేశాను, మిగతా రెండూ మా బామ్మర్దికి అప్పగించి, ఏ తీగ, ఎన్ని చుట్లు అన్నది గోడ మీద చాక్‌పీసుతో రాసి చూపించాను. రెండు నెలలకు వెళ్లినప్పుడు షట్టర్ దించి తాళం వేసేవాణ్ణి. "క్యాంపుకెళ్లాడు, వచ్చేస్తాడు" అనుకుని జనం ఆగేవారు. ఇప్పుడు ఆగమని ఎవరినీ అడగలేను. వరి మడికి నీళ్లు ఆగవు కదా.

మొన్న రాత్రి పెట్టె సర్దాను. అడుగున ఉన్ని బట్టలు, కలరా ఉండలు. వాటి మీద యూనిఫాంలు, పీటీ బూట్లు, కుట్టు సామాను. షాపులో రాగి తూచే కాటా మీద పెడితే 33 కిలోలు చూపించింది. స్లీపర్ క్లాసులో 40 కిలోల దాకా సామాను ఉచితం. ఇంకా ఏడు కిలోలు ఉందని అన్నానో లేదో, మా అమ్మ లోపలికి వెళ్లి జంతికల డబ్బా తెచ్చింది. మా పాప మూత మీద తెల్ల అక్షరాలను వేలితో దిద్దుతూ నంబరు మొత్తం చదివింది. ఒక్క అంకె తప్పలేదు. రెండు తాళంచెవుల్లో ఒకటి మా ఆవిడ పసుపు డబ్బాలో వేసుకుంది.

షాపు రోజూ ఉదయం తొమ్మిది నుంచి చీకటి పడేదాకా తెరిచి ఉంటుంది, ఆదివారం మధ్యాహ్నం వరకే. ఫోన్ మీద ఆధారపడకండి, మనిషే వెళ్లాలి. ఆర్డర్ ఇచ్చేటప్పుడే రంగు వేశాక రెండు రోజులు ఆరనివ్వమని చెప్పండి. వెళ్లేముందు మంచం కింద ఖాళీ కొలుచుకోండి, మంచం మీద ఎవరినైనా పడుకోబెట్టి.