‘30 రోజుల్లో 10 కిలోమీటర్లు’ కోర్సు కొనేముందు ఒక్క నిమిషం

కొత్తగా పరుగు మొదలుపెడదామని ఆన్‌లైన్ కోర్సులు వెతుకుతున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి. నాకు 4,999 రూపాయలు పోయాయి. అంతకంటే పెద్ద నష్టం, ఆరు వారాలపాటు మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

నాకు 41 ఏళ్లు, ఉండేది విశాఖలో. బస్సు వెనకాల తప్ప ఎప్పుడూ పరిగెత్తి ఎరగను. ఫోన్లో ప్రకటన చూశాను: పర్సనల్ కోచ్, నచ్చకపోతే డబ్బు వాపస్. కట్టేశాను. ఆ రాత్రే పీడీఎఫ్ వచ్చింది. మొదటిరోజే 3 కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తాలట, వారానికి ఆరు రోజులు! వయసెంత, బీపీ ఉందా, మోకాళ్లు ఎలా ఉన్నాయని ఒక్కరూ అడగలేదు. ఇక పర్సనల్ కోచ్ అంటే రెండొందల మందికి పైగా ఉన్న వాట్సాప్ గ్రూపు. నాకు అక్కడే అనుమానం రావాల్సింది.

బీచ్ రోడ్డులో మొదటివారం మంచి ఊపు మీదున్నాను. తొమ్మిదోరోజు మోకాలి కింద, ముందు ఎముక వెంబడి సలుపు మొదలైంది. గ్రూపులో చెబితే, ‘నొప్పి వస్తోందంటే పనిచేస్తున్నట్టే, ఆపకండి సార్’ అన్నారు. విన్నాను, బుద్ధి లేక. ఇంకో నాలుగు రోజులకు మంచం దిగి కాలు మోపలేకపోయాను. డాక్టరు ఎముక వెంట నొక్కి చూసి షిన్ స్ప్లింట్స్ అన్నారు, అంటే కాలి ముందు ఎముక మీద భారం ఎక్కువై వచ్చే నొప్పి. ఊపిరి త్వరగానే అలవాటుపడుతుందట, ఎముకలకూ కీళ్లకూ ఇంకా చాలా సమయం పడుతుందట. ఆయాసం తగ్గింది కదా అని దూరం పెంచితే దెబ్బ తినేది కాళ్లే.

డబ్బు వాపస్ అడిగితే, ‘30 రోజులూ పూర్తిచేసినవాళ్లకే’ అన్నారు. కుంటుకుంటూ పూర్తిచేయాలి కాబోలు! నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, ఇంకా తేలలేదు. మీరైతే కట్టేముందే ప్రకటనకి స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. నేను తీయలేదు, ఇప్పుడు ఆ పేజీయే లేదు.

అసలు ఒళ్లు మండేది ఎక్కడంటే, ఇంతకంటే మంచి ప్లాన్ ఉచితంగానే దొరుకుతుంది. పేరు కౌచ్ టు 5కే, అంటే సోఫా మీంచి లేచి 5 కిలోమీటర్ల పరుగుదాకా. 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ తయారుచేశాడు. తొమ్మిది వారాలు, వారానికి మూడే రోజులు. మొదటివారం ఐదు నిమిషాలు చురుగ్గా నడిచి, తర్వాత 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, ఇలా మార్చి మార్చి 20 నిమిషాలు. మొదటిసారి చూసినప్పుడు ఇదీ ఒక పరుగేనా అని నవ్వొచ్చింది. పక్కనున్నవాళ్లతో మాట్లాడుతూ పోగలిగినంత నెమ్మదిగా పరిగెత్తితే చాలు.

కాలు నయమయ్యాక డాక్టరుని అడిగే మొదలుపెట్టాను. ఇప్పుడు నాలుగో వారంలో ఉన్నాను. రెండో వారం కష్టంగా అనిపిస్తే అదే మళ్లీ చేశాను. ‘ఆపకండి సార్’ అనేవాళ్లు ఎవరూ లేరు.