డాబా మీద షేడ్ నెట్, ఐదేళ్ల తర్వాత: నా బాధంతా ఆ రింగులతోనే

షేడ్ నెట్, అంటే మొక్కలకి ఎండ తగ్గించే వల, ఎందుకో, ఎన్ని శాతాల్లో దొరుకుతుందో మిద్దె తోట పెంచేవాళ్లకి మళ్లీ చెప్పక్కర్లేదు. మాది 75 శాతం, అంటే ముప్పాతిక వంతు ఎండ ఆపే ఆకుపచ్చ నెట్. 2021 మార్చిలో కొన్నాం. ఇల్లు విశాఖలో, పెదవాల్తేరులో, బీచికి రెండు వీధుల ఇవతల, నాలుగంతస్తుల పైన డాబా. నేను చెప్పాలనుకున్నది నెట్ గురించి కంటే, దాని అంచు పొడవునా మూరకొకటి చొప్పున బిగించి ఇచ్చే రింగుల గురించి.

కొన్నప్పుడు ఆ రింగులు చూసే ముచ్చటపడ్డాను. తాడు దూర్చి పైపుకి కట్టేస్తే పని అయిపోతుంది కదా అని. ఇత్తడివన్నారు. ఇత్తడి కాదు, పైన పూత. సముద్రపు గాలికి ఒక్క వానాకాలంలోనే పూత లేచిపోయి లోపలి ఇనుము బయటపడింది. ఆగస్టులో ఒకసారి వేలితో రుద్దితే కుంకుమలా పొడి రాలింది. తుప్పు ఉబ్బి అంచు గరుకెక్కితే అది చుట్టూ ఉన్న దారాలను కొంచెం కొంచెంగా కోస్తూ ఉంటుందని నాకప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే ఆ రాత్రి అంత టెన్షన్ పడేదాన్ని కాదు.

2021 సెప్టెంబరు 26, గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటిన రాత్రి. ఇక్కడ వాన చీకటి పడ్డాక పెరిగింది. పదిన్నరకి వాచ్‌మన్ తలుపు కొట్టి, "అమ్మగారూ, మీ నెట్టు ఊడిపోనాదండి, తీగల మీద పడేలాగుంది" అన్నాడు. పరిగెత్తాం. తూర్పు వైపు రింగులన్నీ వరసగా తెగిపోయాయి. నెట్ తెరచాపలా లేచి లేచి పడుతోంది. ఒక్కో రింగూ తనతో పాటు గుప్పెడు వల పీక్కుని, తాడుకి వేలాడుతూ ఉంది. మావారు, వాచ్‌మన్, నేను ముగ్గురం దాని మీద కూర్చుంటే గానీ చుట్టలేకపోయాం. హుద్‌హుద్ నాడు, అంటే 2014 అక్టోబరు 12న, మా వీధిలో రేకులు ఎలా ఎగిరాయో కళ్లారా చూసినవాళ్లం. మన వస్తువు ఎగిరి ఇంకొకరికి తగిలితే ఎలాగన్న భయంతో తెల్లారేదాకా నిద్ర పట్టలేదు.

మర్నాడు నీళ్లు తగ్గాక పక్క అపార్ట్‌మెంట్ మాస్టారి డాబా చూసి ఆశ్చర్యపోయాను. ఆయనదీ అలాంటి నెట్టే. రింగులు మాత్రం గట్టివి, పైగా బైండింగ్ వైరుతో బిగించారు. ఒక్కటీ తెగలేదు. తెగకపోవడం వల్ల గాలి బలమంతా పైపుల మీద పడింది. సిమెంటు పోసిన పెయింటు డబ్బాల్లో నిలబెట్టిన పైపులు డబ్బాలతో సహా ఒరిగి కుండీల మీద పడ్డాయి. మా పైపులు నిటారుగా ఉన్నాయి. అంటే నేను తిట్టుకున్న రింగులే తెగిపోయి మా పందిరిని కాపాడాయన్నమాట. అలాగని వాటిని క్షమించలేదు. ఎక్కడ తెగాలో, ఎప్పుడు తెగాలో మన చేతిలో ఉండాలి గానీ తుప్పు చేతిలో కాదు.

దారి చూపింది మాకు చేపలు తెచ్చే ఆమె. డాబా మీద ఆరేసిన నెట్ చూసి, "వలకి రింగులెవులైనా యేస్తారా అమ్మా? అంచుతాడు యేస్తారు గానీ" అంది. అంతే. రింగులన్నీ కత్తిరించి పారేశాం. అంచుని రెండు మడతలు పెట్టి, లోపల నైలాన్ తాడు పోనిచ్చి, దబ్బనంతో వలదారం పెట్టి కుట్టాం. మూడు రోజుల పని. మూడు వైపులా గట్టి ముడి, సముద్రం వైపు మాత్రం జారుముడి. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్త వినగానే ఆ ముడి లాగి చుట్టేస్తాను. మొన్న 2025 అక్టోబరులో మొంథా వచ్చినప్పుడు ఒక్కదాన్నే పది నిమిషాల్లో చుట్టి కట్టేశాను. ప్లాస్టిక్ కేబుల్ టైలు కూడా వాడి చూశాను. ఎండకి పెళుసెక్కి ఏడాదిలోపే విరిగాయి.

నీడ విషయంలో నెట్‌కి వంక పెట్టలేను. మే నెలలో, రోహిణి కార్తెలో కూడా దాని కింద కొత్తిమీర కోశాను. మధ్యాహ్నం చెప్పుల్లేకుండా డాబా మీద నడిచాను. ఆ సంబరంలో చుట్టాలందరికీ 75 శాతమే కొనండని చెప్పాను, అది మాత్రం ఇప్పుడు సవరించుకోవాలి. మొదటి చలికాలం నెట్ తీయలేదు. కాలీఫ్లవర్ ఆకులు ఏపుగా పెరిగాయి, పువ్వు కట్టలేదు. చామంతులు సన్నగా సాగిపోయి నాలుగు మొగ్గలేశాయి. లంబసింగి నుంచి ఎంతో ఆశగా తెచ్చిన ఆరు స్ట్రాబెర్రీ మొక్కలకి ఆకులే ఆకులు.

రెండో ఏడు నుంచి నవంబరులో విప్పేస్తున్నాను. లంబసింగి వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది, రాత్రుళ్లు పది డిగ్రీల లోపుకి పడిపోతుంది. ఆ చలి మన డాబాకి ఎక్కడినుంచి తెస్తాం? కానీ ఎండ ఇవ్వగలం. నేరుగా ఎండ తగిలాక స్ట్రాబెర్రీలు జనవరిలో పూశాయి, కాశాయి. కొండ మీద కాసినంత పెద్దవి కావు, కానీ మా మనవరాలు కుండీ దగ్గరే కూర్చుని తినేసింది. మార్చి మొదట్లో నెట్ మళ్లీ కప్పితే ఉగాది దాకా కాయలు ఆగాయి. ఏప్రిల్ ఉక్కకి మొక్కలు పోయాయి, దానికి ఏ నెట్టూ ఏమీ చెయ్యలేదు.

మళ్లీ కొంటే 50 శాతం, రింగులు లేకుండా మీటర్ల లెక్కన కత్తిరించి ఇచ్చేది కొంటాను. నా మాట సముద్రం దగ్గరున్న ఎత్తు మేడలకే. సముద్రానికి దూరంగా సబ్బవరంలో మా చెల్లి పెరట్లో అదే నెట్ ఉంది, మేమిద్దరం ఒకే రోజు కొన్నాం. దాని రింగులు మొన్న సంక్రాంతికి చూశాను, ఇంకా మెరుస్తూనే ఉన్నాయి.