థండర్‌బోల్ట్‌ను వదలని 56, మస్టాంగ్‌కు మారిన 4: ఏ ఫైటర్ గ్రూప్ మేలు?

రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్ నుంచి పోరాడిన అమెరికా 8వ వైమానిక దళం మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఇద్దరు కలిస్తే చాలు, మాట 4వ ఫైటర్ గ్రూప్, 56వ ఫైటర్ గ్రూప్ అనే రెండు యుద్ధవిమాన బృందాల దగ్గరికే వస్తుంది. రెండింట్లో ఏది గొప్పది? అంకెలు చూసి తేల్చేద్దామంటే కుదరదు. గాలిలో కూల్చిన విమానాలు మాత్రమే చూస్తే 56వ గ్రూప్‌దే మొదటి స్థానం, 650కి పైగా. నేల మీద ఆగి ఉన్నప్పుడు పేల్చేసినవి కూడా కలిపితే, వెయ్యి దాటేసి 4వ గ్రూప్ ముందుకొస్తుంది. 8వ వైమానిక దళం నేల మీద పేల్చినవాటిని కూడా విజయాలుగానే రాసుకునేది. అందుకే ఈ వాదన ఇన్నేళ్లయినా తెగలేదు.

నేను మాత్రం 1943 దగ్గర మొదలుపెడతాను. ఆ ఏడాది ఎక్కువ కాలం ఈ రెండు గ్రూపులూ నడిపింది ఒకటే రకం విమానం, పీ-47 థండర్‌బోల్ట్. విమానం ఒకటే అయినప్పుడు మనుషుల్లో తేడా బయటపడుతుంది.

4వ గ్రూప్ కథ మొదలైంది 1942 సెప్టెంబర్ 29న, ఇంగ్లండ్‌లోని డెబ్డెన్‌లో. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగకముందే బ్రిటిష్ వైమానిక దళంలో చేరిన అమెరికన్ కుర్రాళ్లతో మూడు ఈగిల్ స్క్వాడ్రన్లు ఉండేవి. వాటినే ఆ రోజు అమెరికా దళంలోకి మార్చారు. వాళ్ల చెయ్యి బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్‌కు అలవాటు పడింది. చటుక్కున మలుపు తీసుకోవడం, శత్రువు తోకను పట్టుకోవడం వాళ్లకు వచ్చిన విద్య. అలాంటివాళ్లకు దాదాపు రెట్టింపు బరువున్న థండర్‌బోల్ట్ ఇచ్చారు. పైకి ఎక్కాలంటే బద్ధకించే విమానం అది. వాళ్లకు నచ్చలేదు. గ్రూప్‌లో పేరున్న డాన్ బ్లేక్‌స్లీకి అసలే నచ్చలేదు.

56వ గ్రూప్ కథ వేరు. థండర్‌బోల్ట్ అందుకున్న మొదటి గ్రూప్ అదే. అమెరికాలో ఉండగానే దాని లోపాలన్నీ భరిస్తూ నేర్చుకుని 1943 జనవరిలో ఇంగ్లండ్ చేరింది. కమాండర్ హబ్ జెమ్కే ఆ బరువును బలంగా వాడుకోవడం నేర్పాడు. ఎత్తులో ఉండు, కిందికి దూకు, ఎనిమిది మెషిన్ గన్లతో ఒక్కసారి కాల్చు, ఆ వేగంతోనే మళ్లీ పైకి వెళ్లిపో. శత్రువుతో మలుపుల పోటీకి మాత్రం దిగకు. మొదటి నెలల్లో దెబ్బలు తగిలాయి. అయినా నవంబర్ 5 నాటికి 8వ దళంలో వంద విజయాలు దాటిన మొదటి గ్రూప్ ఇదే అయింది.

ఆ విమానం మీద ఈ పైలట్లకు అంత నమ్మకం ఎందుకో చెప్పాలంటే 56వ గ్రూప్ పైలట్ రాబర్ట్ జాన్సన్‌కు జరిగింది చెప్పాలి. 1943 జూన్ 26న అతని విమానాన్ని జర్మన్ ఫైటర్లు తూట్లు పొడిచాయి. కళ్లల్లో హైడ్రాలిక్ ఆయిల్ పడింది. కాక్‌పిట్ పైకప్పు ఇరుక్కుపోయింది, దూకేద్దామన్నా దారి లేదు. అలా కుంటుకుంటూ వస్తుంటే ఇంకో జర్మన్ ఫైటర్ వెనకపడి, తన దగ్గరున్న గుళ్లన్నీ అయిపోయేదాకా కాల్చింది. చివరికి ఆ పైలట్ పక్కకొచ్చి, రెక్కలు ఊపి వెళ్లిపోయాడు. జాన్సన్ ఇంగ్లండ్‌లోని మాన్‌స్టన్‌లో దిగాడు. చిల్లులు లెక్కపెట్టడం మొదలుపెట్టి 200 దాటాక మానేశాడు. పదకొండు నెలలు తిరక్కుండానే అదే మనిషి కూల్చిన విమానాల లెక్క 27కు చేరింది.

అయితే థండర్‌బోల్ట్‌కు పెద్ద కొరత దూరం. 1943 అక్టోబర్ 14న జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ మీదికి వెళ్లిన బాంబర్లలో 60 తిరిగి రాలేదు. అంత లోపలిదాకా తోడు వెళ్లే ఫైటర్ అప్పటికి లేదు. ఆ ఖాళీని పూడ్చింది పీ-51 మస్టాంగ్. 1944 ఫిబ్రవరి చివర్లో, అప్పటికి 4వ గ్రూప్ కమాండర్ అయిన బ్లేక్‌స్లీ పట్టుబట్టి తన గ్రూప్‌ను దానికి మార్చాడు. శిక్షణకు సమయం కూడా అడగలేదు, దారిలోనే నేర్చుకుంటాం అన్నాడు. మొదట్లో టెన్షన్ తప్పలేదు. పల్చటి రెక్కలో గన్లను పక్కకు వంచి అమర్చడంతో గట్టి మలుపులో గుళ్ల బెల్టు ఇరుక్కునేది. అయినా మార్చి మొదటి వారంలో 4వ గ్రూప్ బెర్లిన్ మీద ఉంది. స్పిట్‌ఫైర్ చేతులకు మళ్లీ తగిన విమానం దొరికింది.

ఆ జోరుకు వాళ్లు పెద్ద మూల్యమే చెల్లించారు. యుద్ధం మొత్తంలో 4వ గ్రూప్ పోగొట్టుకున్న విమానాలు 56వ గ్రూప్‌కన్నా దాదాపు రెట్టింపు. మస్టాంగ్ ఇంజన్‌ను చల్లబరిచేది ద్రవం. నేలకు దగ్గరగా ఎగిరి విమానాశ్రయాల మీద కాలుస్తున్నప్పుడు రేడియేటర్‌కు ఒక్క తూటా తగిలినా కొద్ది నిమిషాల్లో ఇంజన్ ఆగిపోతుంది. థండర్‌బోల్ట్‌ది గాలితో చల్లబడే 18 సిలిండర్ల ఇంజన్. దెబ్బతిన్నా చాలాసార్లు ఇంటిదాకా లాక్కొచ్చేది.

1944 మార్చిలో నేను బెర్లిన్ వెళ్లే బాంబర్లో కూర్చుని ఉంటే, కిటికీలోంచి కనిపించాల్సింది 4వ గ్రూప్ మస్టాంగులే. ఆ పూట వేరే మాట లేదు. కానీ మొత్తం మీద ఏ గ్రూప్ మేలంటే నా ఓటు 56కే. పక్క గ్రూప్ వద్దనుకున్న విమానంతోనే గాలిలో 8వ దళంలో అందరికన్నా ఎక్కువ విజయాలు సాధించారు, తమవాళ్లను తక్కువగా పోగొట్టుకున్నారు. 8వ దళంలో మిగతా గ్రూపులన్నీ మస్టాంగ్‌కు మారిపోయినా యుద్ధం ముగిసేదాకా థండర్‌బోల్ట్ మీదే ఉన్నది వీళ్లొక్కరే.

అంత మంచి విమానం కూడా అన్నిసార్లూ కాపాడలేదు. 28 విమానాలు కూల్చిన 56వ గ్రూప్ పైలట్ గబ్రెస్కీ 1944 జూలై 20న ఒక జర్మన్ విమానాశ్రయం మీద మరీ కిందికి దిగాడు. ప్రొపెల్లర్ నేలకు తగిలి అక్కడే దిగిపోవాల్సి వచ్చింది, తర్వాత పట్టుబడ్డాడు. జెమ్కే ఆగస్టులో 479వ గ్రూప్‌కు మారాడు. అక్టోబర్ 30న తుఫాను మేఘాల్లో అతను నడుపుతున్న మస్టాంగ్ ముక్కలైంది, అతనూ పట్టుబడ్డాడు. జర్మనీలోని బార్త్ యుద్ధఖైదీల క్యాంపుకు చేరేసరికి గబ్రెస్కీ అప్పటికే అక్కడ ఉన్నాడు.