నేల పక్షుల కోసం చవక ట్రైల్ కెమెరా: విశాఖ తోటల్లో ఎంతవరకు పనికొస్తుంది?

ట్రైల్ కెమెరా అంటే ఎదుట ఏదైనా కదిలితే తనంతట తానే ఫొటో తీసేది. ఆన్‌లైన్‌లో ఐదారు వేలకు దొరికేవన్నీ దాదాపు ఒకే అచ్చు. పైన ఎల్ఈడీలు, కింద కదిలే వేడిని పసిగట్టే పీఐఆర్ సెన్సర్, లోపల ఎనిమిది ఏఏ సెల్స్. భీమిలి, ఆనందపురం వైపు కొండ పాదాల్లో జీడితోటలున్నవాళ్లు కౌజుల్ని, అంటే గ్రే ఫ్రాంకోలిన్లని, జిట్టకోళ్లని (స్పర్‌ఫౌల్), అడవికోళ్లని గమనించడానికి నిక్షేపంగా కొనుక్కోవచ్చు. అయితే పెట్టెలో వచ్చే సూచనల కాగితాన్ని పక్కన పెట్టాలి. అది జింకల్లాంటి పెద్ద జంతువుల కొలతలకు రాసింది.

ఇబ్బందంతా సెన్సర్‌తోనే. వెనకున్న నేలకీ, ముందు కదిలే ఒంటికీ మధ్య వేడి తేడా ఉంటేనే అది పలుకుతుంది. పక్షి ఒంటి వేడిని ఈకలు బయటికి రానివ్వవు. మే నెల మధ్యాహ్నం నేల కూడా కాలిపోతుంటుంది కాబట్టి కౌజుల గుంపు ఎదురుగా నడిచిపోయినా ఒక్క ఫొటో కూడా రాకపోవచ్చు. ఇవి మేతకు దిగేది ఎక్కువగా పొద్దున్నే, మళ్లీ సాయంత్రం చల్లబడ్డాక. అందుకే ఈ లోపాన్ని భరించవచ్చు.

నడుమెత్తున చెట్టుకి కడితే పక్షి వీపు కూడా సరిగా పడదు. చిన్న గుంజ పాతి, సెన్సర్ నేలకి 25–30 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా బిగించండి. పక్షులు నడిచే బాటకి 2–3 మీటర్ల దూరం చాలు. మీటరున్నర కంటే దగ్గరైతే ఫోకస్ అందక బొమ్మ మసకబారుతుంది. బాటకి అడ్డంగా కాకుండా ఏటవాలుగా తిప్పితే పక్షి ఎక్కువసేపు ఫ్రేములో ఉంటుంది. ముఖం ఉత్తరానికి ఉంటే మంచిది, తూర్పుకి పెడితే పొద్దున పనికొచ్చే వేళంతా సూర్యుడే పడతాడు. ముందున్న గడ్డి తప్పకుండా తీసేయాలి. ఎండ తగిలిన ఆకు గాలికి ఊగితే చాలు, కార్డంతా ఖాళీ ఫొటోలతో నిండిపోతుంది.

ఇవి పగటి పక్షులు కాబట్టి టైమర్‌ని ఉదయం 5 నుంచి సాయంత్రం 6:30 వరకే పెట్టండి, సెల్స్ చాలాకాలం వస్తాయి. మెగాపిక్సెల్ అంకె చూసి మోసపోవద్దు, చాలావరకు సాఫ్ట్‌వేర్ సాగదీసిందే. సముద్రపు గాలికి సెల్స్ పెట్టే చోటి స్ప్రింగులు తుప్పు పడతాయి. రబ్బరు సీలుకి కాస్త సిలికాన్ గ్రీజు రాసి, లోపల సిలికా జెల్ పొట్లం వేయాలి. కేబుల్ రంధ్రం మూత వదులైతే చీమలు గూడు పెడతాయి.

పెట్టిన డబ్బుకి అసలు ఫలితం అడవికోడి ఫొటోల్లో కనిపిస్తుంది. మన వైపు ఉండేది ఎర్ర అడవికోడి. ఊరికోళ్లతో సంకరమయ్యిందా లేదా అన్నది దగ్గరి ఫొటోలో చాలావరకు తేలుతుంది. కాళ్లు పలకరంగులో ఉండాలి, పెట్టకి తల మీది ఎర్ర జుట్టు దాదాపు కనిపించకూడదు. జతకట్టే కాలం ముగిశాక, వానల్లో, పుంజు మెడ మీది పొడవాటి బంగారు ఈకలు రాలి పొట్టి నల్ల ఈకలొస్తాయి. సంకర పుంజుల్లో చాలావాటికి ఈ మార్పు రాదు. అందుకే జులై–సెప్టెంబరులో కెమెరా తీసేయకండి.

ఫొటోల లెక్కని పక్షుల లెక్క అనుకోకూడదు. ఇదే కుటుంబానికి చెందిన గ్రౌస్‌లు అనే చలిదేశాల నేల పక్షులు మన దేశంలో లేవు. యూరప్‌లో బ్లాక్ గ్రౌస్ పుంజులు ఏటా వసంతంలో తెల్లవారుజామున ఒకేచోట చేరి పెట్టల్ని ఆకర్షించడానికి ఆడతాయి కాబట్టి అక్కడే నిలబడి లెక్కపెట్టవచ్చు. మన కౌజులకి అలాంటి ఆటస్థలం లేదు, ఒకే గుంపు రోజుకి నాలుగుసార్లు కెమెరా ముందుకు రావచ్చు. అరగంటలోపు వచ్చినవన్నీ ఒకే రాకగా రాసుకోండి. దానికంటే పెట్ట వెనక ఎన్ని పిల్లలున్నాయో చూడటం మేలు. మొదటి వారాల్లో పిల్లలు బతికేది పురుగుల మీద. పిల్లలు కనబడకపోతే పురుగుమందు కొట్టడం, గట్ల మీది తుప్ప నరకడం, ఆకు తగలబెట్టడం, ఊరకుక్కలు, ఈ నాలుగింటిని ముందుగా అనుమానించాలి. జీడి ఏరే ముందు తోటంతా శుభ్రం చేసినా, అంచు వరసల కింద తుప్ప వదిలేయండి. ఇవి గూడు పెట్టేది నేల మీదే.

సొంత తోట వరకే ఈ కెమెరా. కంబాలకొండ అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా పెట్టకూడదు. పక్షులు తిరిగే చోటు వివరాలతో ఫొటోలు గ్రూపుల్లో వేయొద్దు, ఉచ్చులు పన్నేవాళ్లకి అదే కావాలి. బైకు క్లచ్ వైరుతో చేసిన ఉచ్చు కనిపిస్తే ఫొటో తీసి అటవీశాఖ రేంజ్ ఆఫీసులో ఇవ్వండి.

రేటింగ్: 5కి 3.5. కోత సెన్సర్‌కీ, సీలుకీ.