అప్ప వేలు, మా వర్క్‌మెన్ పాలసీ

కాశీబుగ్గలో మాది చిన్న జీడి యూనిట్. బాయిలర్ దగ్గర ఒకరు, కటింగ్ మెషిన్ల మీద ముగ్గురు, పొట్టు ఒలిచి గ్రేడింగ్ చేసేవాళ్లు ఇద్దరు, మొత్తం ఆరుగురు. ఈఎస్ఐ, అంటే ప్రభుత్వ కార్మిక బీమా, సాధారణంగా పది మంది ఉంటేనే వర్తిస్తుంది కాబట్టి మాకు అది లేదు. ఈఎస్ఐ లేదంటే పనిలో ఎవరికి ఏమైనా పరిహారం యజమానే కట్టాలి. పాలసీ ఉన్నా లేకపోయినా ఆ బాధ్యత మనదే. అందుకే 2024 జనవరిలో ఒక ప్రభుత్వ రంగ బీమా కంపెనీలో ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ తీసుకున్నాం. బజార్లో ఇప్పటికీ వర్క్‌మెన్ పాలసీ అనే అంటారు. ఒక క్లెయిమ్ కూడా అయింది కాబట్టి మన పలాస, కాశీబుగ్గ వాళ్ల కోసం వివరంగా రాస్తున్నాను.

ముందు ఖర్చు. ప్రీమియం లెక్క ఏడాది మొత్తం కూలి మీద ఉంటుంది. ఆరుగురికి నెలకు పది వేల చొప్పున ఏడాదికి 7,20,000. మా పనికి వెయ్యికి 9 రూపాయల రేటు వేశారు. 6,480, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 7,646 రూపాయలు. మనిషికి నెలకు 106 పడింది. పనిని బట్టి రేటు మారుతుంది, మీకు ఇదే పడుతుందని అనుకోకండి.

ఏజెంటు మంచివాడే, కానీ "కూలి ఆరు వేలని రాద్దామండి, ప్రీమియం తగ్గుతుంది" అన్నాడు. మా ఆయన సరేనన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇచ్చేది పది వేలయితే పదే రాయమన్నాను. ఆ రోజు తగ్గేది మూడు వేల చిల్లర. అది ఎంత పెద్ద తేడా అయ్యేదో ఏడాది తిరిగాక తెలిసింది.

2025 మార్చిలో ఒక శనివారం మధ్యాహ్నం. కటింగ్ మెషిన్ మీద కూర్చునే ఆమెను మేమందరం అప్ప (అక్క) అనే పిలుస్తాం. జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, అందుకని చేతులకు ఆముదం రాసుకుంటారు. జీడి పిక్కను ఎడమ చేత్తో రెండు బ్లేడ్ల మధ్య పెట్టి, కాలితో పెడల్ తొక్కాలి. ఆముదానికి పిక్క జారింది, కాలు మాత్రం ఆగలేదు. అరుపు లేదు. మెషిన్ చప్పుడు ఒక్కసారి ఆగిపోయేసరికి తలెత్తి చూశాను. అప్ప చీర కొంగుతో చెయ్యి చుట్టుకుని అలాగే కూర్చుంది. "బస్తా ఇంకా సగమే అయిందమ్మా" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. చూపుడు వేలి పై కణుపు పోయింది. శ్రీకాకుళం తీసుకెళ్లాం.

అదే సాయంత్రం బ్రాంచికి ఫోన్ చేసి, మెయిల్ కూడా పెట్టాను. నాలుగో రోజు ఇన్వెస్టిగేటర్ వచ్చాడు. మెషిన్ చూశాడు, కూలి పుస్తకం అడిగాడు. మాది కిలోల లెక్క కూలి, శనివారం శనివారం ఎర్ర అట్ట నోట్‌బుక్‌లో రాసి వేలిముద్ర వేయిస్తాం. పన్నెండు నెలల కూలి కూడి పన్నెండుతో భాగించాడు, పది వేలకే తేలింది. ఆ నోట్‌బుక్ లేకపోతే ఏం చూపించేవాళ్లమో నాకు తెలీదు.

లెక్క ఇలా వచ్చింది. నెల కూలిలో 60 శాతం, అంటే 6,000. అప్ప వయసు 40, ఆ వయసుకు చట్టంలో ఇచ్చిన గుణకం 184.17. రెండూ గుణిస్తే 11,05,020. శాశ్వతంగా ఏ పనీ చేయలేకపోతే వచ్చేది అదీ. చూపుడు వేలిలో ఒక కణుపుకు 9 శాతం కాబట్టి 99,452 రూపాయలు. కూలి ఆరు వేలని రాసి ఉంటే కంపెనీ ఆ మేరకే ఇచ్చేది, మిగతా నలభై వేలు మా మీద పడేవి. ఇదే కూలికి, ఇదే వయసులో ప్రాణమే పోయి ఉంటే 9,20,850. మాలాంటి యూనిట్ అంత సొమ్ము ఎక్కడి నుంచి తెస్తుంది?

పరిహారం నెల లోపు కట్టాలి. ఆలస్యమైతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే 50 శాతం దాకా పెనాల్టీ. ఆ పెనాల్టీ మా పాలసీలోకి రాదు, పడితే మేమే కట్టుకోవాలి. కంపెనీ ఫైలు మాత్రం పై ఆఫీసుకు వెళ్లి కూర్చుంది, ఒకే డాక్టర్ సర్టిఫికెట్ రెండుసార్లు అడిగారు. ఆ టెన్షన్ తట్టుకోలేక, కంపెనీ దగ్గర మెయిల్‌లో అనుమతి తీసుకుని, నా గాజులు తాకట్టు పెట్టి మేమే కార్మిక శాఖలో కమిషనర్ దగ్గర డిపాజిట్ చేశాం. ఆడవాళ్లకు ఇలా మొత్తంగా ఇచ్చే పరిహారం చేతికి ఇవ్వకూడదు, అక్కడే జమ చేయాలి. చేతికిస్తే కట్టినట్టు లెక్కలోకి రాదని ఆ ఆఫీసులో గుమస్తాగారు చెప్పేదాకా మాకు తెలీదు. కంపెనీ డబ్బు పదకొండు వారాలకు వచ్చింది. పైసా కోత లేదు, అది ఒప్పుకోవాలి.

నాకు కోపం వచ్చింది ఆసుపత్రి బిల్లు విషయంలో. వైద్యం ఖర్చు కూడా యజమానే భరించాలి. మా పాలసీలో అది లేదు, విడిగా అడిగి చేర్పించుకోవాలట. ఏజెంటు చెప్పలేదు, బ్రాంచి వాళ్లూ చెప్పలేదు. 38,000 మా చేతి నుంచే పోయింది. కూలి తగ్గించి రాయమని సలహా ఇవ్వడానికి నోరొచ్చిన మనిషికి, ఈ ఒక్క మాట చెప్పడానికి ఎందుకు రాలేదో!

2026 జనవరి రెన్యువల్‌కు నేనే బ్రాంచికి వెళ్లాను. మనిషికి యాభై వేల దాకా వైద్యం ఖర్చు చేర్పించాను. లోడ్ వచ్చినప్పుడు బస్తా 80 కిలోలు మోసే ఇద్దరు కలాసీలను కూడా రాయించాను. వాళ్లు మేస్త్రి మనుషులే అయినా, మన ఆవరణలో మన పని చేస్తూ దెబ్బ తగిలితే ముందు మనల్నే అడుగుతారు. 2025 నవంబర్ 21 నుంచి ఈ పరిహారం నిబంధనలు సామాజిక భద్రతా కోడ్‌లోకి వెళ్లాయి. పనికి వచ్చే దారిలో ప్రమాదం జరిగినా, ఉద్యోగంతో దానికి సంబంధం ఉంటే పరిహారం ఉంటుంది. అప్ప మందస వైపు నుంచి షేర్ ఆటోలో వస్తుంది, అందుకే ఆ మాట పాలసీలో ఉందో లేదో అడిగాను. రాసిమ్మన్నాను. రెండు వారాలు తిరిగాక ఇచ్చారు.

అయిదుకు మూడున్నర ఇస్తాను. డబ్బు ఇచ్చారు కాబట్టి మూడు, బ్రాంచిలో ఫోన్ ఎత్తే అమ్మాయి ఓపికకు అర.

అప్ప ఇప్పుడు కటింగ్ మానేసి గ్రేడింగ్ బల్ల దగ్గర కూర్చుంటోంది. గుండు పప్పు, బద్ద వేరు చేయడానికి మొదట్లో బొటనవేలు, మధ్యవేలు వాడేది. ఈమధ్యే ఆ పొట్టి వేలిని కూడా కలుపుతోంది.