కంప్యూటర్ లిక్విడ్ కూలర్ కారుతోందా? అతికించి ఇస్తామనే దుకాణాలతో జాగ్రత్త

లిక్విడ్ కూలర్ (కంప్యూటర్ ప్రాసెసర్ వేడిని గొట్టాల్లో పారే ద్రవంతో లాగేసే పరికరం) వాడుతున్నవారు, ముఖ్యంగా దాని ఫ్యాన్లు మార్పించాలనుకుంటున్నవారు దయచేసి ఇది చదవండి. సికింద్రాబాద్‌లో ఒక సర్వీసు దుకాణం చేసిన పనికి నా కూలరూ పోయింది, గ్రాఫిక్స్ కార్డూ పోయింది. డబ్బు పోయిన బాధ కన్నా, తెలిసి తెలిసి అబద్ధం చెప్పి పంపించారన్న కోపమే ఎక్కువగా ఉంది.

ఫ్యాన్లు శబ్దం చేస్తున్నాయని మార్చమని ఇచ్చాను. పాతవి 25 మిల్లీమీటర్ల మందం. వాటి స్థానంలో 15 మిల్లీమీటర్ల సన్న ఫ్యాన్లు పెట్టి, పాత వాటికి వాడిన 30 మిల్లీమీటర్ల స్క్రూలనే బిగించారు. లెక్క చూడండి: పాత ఫ్యాను ఉన్నప్పుడు స్క్రూ రేడియేటర్ (ఆ ద్రవాన్ని చల్లార్చే రేకుల భాగం) వైపు చొచ్చుకెళ్లేది 5 మిల్లీమీటర్లు, ఇప్పుడు 15. చాలా రేడియేటర్లలో స్క్రూ రంధ్రానికి సూటిగా కింద ద్రవం పారే అల్యూమినియం గొట్టం ఉంటుంది. దాని గోడ బాగా పలచన, మొన తగిలితే చిల్లే. ఆ చిల్లును స్క్రూయే కొంత మూసి ఉంచుతుంది కనుక దుకాణంలో చూపించినప్పుడు అంతా పొడిగానే ఉంటుంది. ఇంటికొచ్చి వాడుతుంటే ద్రవం వేడెక్కి, చెమ్మ ఊరడం మొదలవుతుంది.

నాకు మొదట కనిపించింది గ్రాఫిక్స్ కార్డు మీద ఒక చుక్క. తాకితే వేలికి జిడ్డుగా అంటుకుంది. నీరు కాదు, కూలర్‌లో పారే గ్లైకాల్ కలిసిన ద్రవం, అంటే కూలెంట్. పైన రేడియేటర్‌లో ఒక స్క్రూ చుట్టూ తెల్లటి పొర పేరుకుని ఉంది, పక్కనున్న సన్నటి రేకులు వంగిపోయాయి.

తిరిగి తీసుకెళితే, చిన్న లీకే కదా, అతికించి ద్రవం నింపి ఇస్తాం, వారంటీకి ఏమీ కాదు అన్నారు. డబ్బు తీసుకున్నారు, బిల్లు మాత్రం ఇవ్వలేదు. కొద్ది రోజులకే అతుకు ఊడి ద్రవమంతా గ్రాఫిక్స్ కార్డు మీద పడింది. కంపెనీ సర్వీసు కేంద్రంలో కూలర్ విప్పి చూపించారు. ప్రాసెసర్ మీద కూర్చునే రాగి పలకలోని వెంట్రుకల్లాంటి సన్నటి గాడులన్నీ గోధుమరంగు పిండితో పూడుకుపోయాయి. కారు రేడియేటర్లలో లీకు ఆపడానికి పోసే పొడి అది! సీలు తెరిచారు కాబట్టి వారంటీ వర్తించదని చెప్పేశారు.

ఇలాంటి అతుకు ఎందుకు నిలవదంటే, చిల్లు రేకుల మధ్య లోపలెక్కడో ఉంటుంది. అక్కడ జిడ్డు పూర్తిగా తుడవడం కుదరదు, జిడ్డు మీద ఏ ఎపాక్సీ (గట్టిపడే జిగురు) ముద్దా గట్టిగా పట్టదు. పైగా రోజూ వేడెక్కడం, చల్లారడం. కూలెంట్ బదులు మామూలు నీళ్లు పోస్తే ఇంకో ప్రమాదం: రాగి, అల్యూమినియం ఒకే నీటిలో ఉంటే అల్యూమినియం తినేసుకుపోతుంది. దాన్ని ఆపే రసాయనాలు కూలెంట్‌లో ఉంటాయి, కుళాయి నీళ్లలో ఉండవు.

విడి భాగాలతో అమర్చుకునే కస్టమ్ లూపుల సంగతి వేరు. అక్కడ చెమ్మ తరచుగా గొట్టం బిగించే ఫిట్టింగు దగ్గరే వస్తుంది; లోపలి రబ్బరు రింగు మార్చి, ద్రవం నింపే ముందు గాలి పీడనంతో పరీక్షిస్తే సరిపోతుంది. రాగి, ఇత్తడి రేడియేటర్‌కు చిల్లు పడినా పనితనం ఉన్నవారు టంకం వేయగలరు. సీలు వేసి వచ్చే అల్యూమినియం కూలర్ కారితే మాత్రం మార్చడమే దారి. వారంటీ ఉంటే ఎవరి చేతా విప్పించకుండా నేరుగా కంపెనీకి పంపండి. ఫ్యాన్లు మార్పిస్తే, స్క్రూ పొడవులోంచి ఫ్యాను మందం తీసేయగా ఎంత మిగులుతుందో దగ్గరుండి కొలిపించండి.

చుక్క కనబడగానే గోడ స్విచ్ ఆపి ప్లగ్గు పీకండి. పనిచేస్తోందో లేదో చూద్దామని మళ్లీ ఆన్ చేయకండి. కార్డు బయటకు తీసి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి.

నేను జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. సమస్య వచ్చిన రోజు నుంచి 2 సంవత్సరాల లోపు అక్కడ కేసు వేయవచ్చు, 5 లక్షల రూపాయల లోపు వాటికి రుసుము లేదు. మీకూ ఇలాగే జరిగి ఉంటే బిల్లు, చెల్లింపు రుజువు భద్రపరచండి, మరకలు తుడవకముందే ఫొటోలు తీసి పెట్టుకోండి.