ప్రీ రిజిస్ట్రేషనా, రిజిస్టర్డ్ రిపోర్టా?

విజయవాడ ఇంటర్ విద్యార్థుల్లో పరీక్షల భయాన్ని శ్వాస వ్యాయామం తగ్గిస్తుందా అని తేల్చాలనుకోండి. ఫలితం చూశాక మార్చుకునే వీలు లేకుండా, అధ్యయన ప్రణాళికను ముందే బయటపెట్టడానికి రెండు దారులున్నాయి.

ప్రీ రిజిస్ట్రేషన్ ఒకట్రెండు రోజుల పని. పరికల్పన (పరీక్షించబోయే ఊహ), శాంపిల్ సైజు, ఎవరి డేటా తీసేస్తారు, ఏ విశ్లేషణ చేస్తారు అన్నవి డేటా చూడకముందే ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్ (ఓఎస్ఎఫ్) వెబ్‌సైట్‌లో ఉచితంగా నమోదు చేయాలి. తేదీ ముద్ర పడుతుంది. చిక్కేమిటంటే, ఆ ప్రణాళికను అప్పటికి ఎవరూ సమీక్షించరు. "ఆందోళన తగ్గుతుంది" అని మాత్రమే రాస్తే, ఏ ప్రశ్నావళి, ఏ రోజు స్కోరు అన్నది ఫలితం చూశాక ఎంచుకునే వీలు మిగిలిపోతుంది. ప్రధాన కొలత ఒక్కటే పేర్కొనండి. ఒక కాలేజీకి వ్యాయామం, ఇంకో కాలేజీకి లేకుండా చేస్తే తేడా వ్యాయామానిదో కాలేజీదో తెలియదు. ప్రతి కాలేజీలోనూ విద్యార్థులను లాటరీ పద్ధతిలో విడదీయాలి.

ఇలాంటి లోపాలను డేటా సేకరణకు ముందే పట్టేది రిజిస్టర్డ్ రిపోర్ట్. 2013లో కార్టెక్స్ అనే మెదడు పరిశోధనల పత్రిక దీన్ని మొదలుపెట్టింది. పరిచయం, పద్ధతులు మాత్రమే పంపితే సమీక్షకులు సరిదిద్దుతారు. సూత్రప్రాయంగా అంగీకారం దొరికాక, ఒప్పుకున్న పద్ధతి పాటించినంతకాలం ప్రభావమేమీ కనిపించకపోయినా వ్యాసం అచ్చవుతుంది. నాకు దీనిమీదే నమ్మకం ఎక్కువ. కాకపోతే శాంపిల్ పెద్దదవుతుంది: మధ్యస్థ ప్రభావానికి (డి=0.5, అంటే గుంపుల సగటుల తేడా ప్రామాణిక విచలనంలో సగం) 80 శాతం పవర్ (ప్రభావం నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం)‌తో గుంపుకు 64 మంది చాలు, పత్రిక 90 శాతం అడిగితే 86 మంది కావాలి.

మొదటి సమీక్షకే నెలలు పడుతుంది, పబ్లిక్ పరీక్షలు ఆగవు. ఏడాదిలో ముగించాల్సిన ఎమ్మే ప్రాజెక్టుకు ప్రీ రిజిస్ట్రేషన్, పీహెచ్‌డీకి రిజిస్టర్డ్ రిపోర్ట్ ఎంచుకోండి.